బర్మా కాందిశీకులను దరి చేర్చినవారు

గౌతమీ గోదావరి సముద్రమును జేరుచోట, కాకినాడకు దక్షిణముగా, కోరంగి యను రేవుపట్టణమొకటి పూర్వము ఓడల నిర్మాణమునకును, తూర్పుదేశముల వర్తకమునకును పేరుపడి యుండెను. 1839 నాటి తుపాను ఆ పట్టణమును ఇంచుమించు తుడిచిపెట్టినను, దాని పేరు మాత్రము బంగాళాఖాతమునకు ఆవలియొడ్డున నూరేండ్లు నిలిచినది. రంగూను రేవులో బస్తాలు మోయువాడును, బియ్యపు మిల్లులో ఊకదుమ్ము పీల్చువాడును, వీథులలో రిక్షా లాగువాడును, కళింగపట్టణమునుండి వచ్చినను భీమునిపట్టణమునుండి వచ్చినను, తెలుగువాడైన చాలు, అచ్చటివారికి కోరంగీయే. మనవారు ఆ నగరమును రంగము అనిరి. 'రంగము పోయినాడు' అన్నమాట ఉత్తరాంధ్రమున అప్పులపాలైన ఇండ్లలో తరచుగా వినబడుచుండెను. 1942వ సంవత్సరమున ఆ రంగమునుండి మనవారును, తక్కిన భారతీయులును ఎట్లు తిరిగివచ్చిరో, వచ్చుదారిలో వారికి అన్నము పెట్టి, నదులు దాటించి, రైలెక్కించినవారు ఎవ్వరో చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

1931 నాటి జనాభా లెక్కలలో బర్మాయందలి భారతీయులు 10 లక్షలకు పైబడిరి. రంగూను నగరవాసులలో సగముకంటె హెచ్చు భారతీయులే. వారిలో అప్పులిచ్చు చెట్టియార్లు, కచ్చేరీలలో గుమాస్తాలైన వంగీయులు, పడవలు నడుపు చిట్టగాంగువారు, కావలికాయు హిందూస్థానీలు ఉండగా, బరువు మోయు పని మాత్రము విశేషముగా తెలుగువాని తలపై బడినది. తెలుగువారు సుమారు లక్షన్నర. మేస్త్రీ ఊరికి వచ్చి బయానా యిచ్చి, డెక్కు టికెట్టు కొని, ఓడయెక్కించును; ఆ దినము మొదలు కూలివాని సంపాదనలో మేస్త్రీకి ఎంత పోవునో, మేస్త్రీపై మేస్త్రీకి ఎంత పోవునో లెక్కచెప్పువాడు లేడు. 1930 మే నెలలో రేవుకూలీలు కూలి పెంచుమని సమ్మెకట్టగా, యజమానులు బర్మా కూలీలను పనిలో బెట్టిరి. తరువాత సమ్మె తీరి, పాతవారిని పిలిచి క్రొత్తవారిని పొమ్మన్నదినమున ఇరువర్గములకును కొట్లాట పుట్టి, నూటికి పైగా ప్రాణములు పోయినవి. చచ్చినవారిలో అధికులు తెలుగు కూలీలు. ఉభయులను దరిద్రులను చేసిన వ్యవస్థ చెక్కుచెదరక నిలిచినది; ఆ దరిద్రులే ఒకరినొకరు శత్రువులుగా నెంచుకొనిరి. పదునొకండేండ్ల తరువాత యుద్ధము వచ్చినపుడు, బర్మాలో నిలువనీడ యుండదను భయము మనవారి మనస్సులలో అంత త్వరగా ప్రవేశించుటకు ఈ పాతగాయమే కారణము.

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారి విమానములు రంగూనుపై బాంబులు గురిపించినవి. అట్టిది మునుపెన్నడు నెఱుగని జనులు వీథులలో నిలిచి ఆకాశమువంక చూచుచుండగనే వేయిమందికి పైగా హతులైరి. రెండునాళ్లకే, క్రిస్మసునాడు, మఱల దాడి. రేవు నిర్మానుష్యమైనది, ఓడలలోని సరకు దింపు దిక్కులేదు, పాకీవారు పోగా నగరమంతయు దుర్గంధభూయిష్ఠమైనది. వేలకొలది భారతీయులు మూటలు నెత్తిన బెట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని, ఉత్తరముగా ప్రోముకు దారిపట్టిరి. ప్రభుత్వము అప్పుడు చేసిన పని చరిత్రలో మఱువరానిది: కూలీలు లేనిదే రేవు నడువదు, రేవు నడువనిదే సైన్యమునకు సరకు లేదు అని తలచి, పోవుచున్నవారిని రక్షణ గల్పింతుమని నమ్మబలికి వెనుకకు త్రిప్పిరి; శ్రామికపురుషులు ఓడలెక్కుటకు అడ్డంకులు పెట్టిరి. ఆ విధముగా ఎండకాలము రాకముందే నడిచిపోదగిన అమూల్యమైన వారములు వ్యర్థమైపోయినవి. మార్చి 8న రంగూను జపానువారి వశమైనది. అప్పటికి సముద్రమార్గము మూసికొనిపోయినందున, మిగిలినవారికి కొండలే దిక్కు.

కొండలదారులు ముఖ్యముగా మూడు. మొదటిది, ప్రోమువద్ద ఇరావతి దాటి, టౌంగుప్ కనుమమీదుగా అరకానుతీరమునకు దిగి, అచ్చటినుండి పడవలలో అక్యాబుకును, చిట్టగాంగునకును పోవుదారి. రంగూనులో వసించిన మన కూలీలలో పెక్కురకు దగ్గరైనది ఇదియే. దారిలో నీరు లేదు, ఉన్నచోట డబ్బునకు అమ్మిరి, కలరా వెంటబడినది. రెండవది, మాండలేనుండి చింద్విను నదిని దాటి, తాము గ్రామముమీదుగా మణిపురమున కెక్కుదారి. మూడవది, అన్నిటికంటె ఘోరమైనది, ఉత్తరాగ్రమున హుకాంగ్ లోయగుండ పాంగ్సౌ కనుమ నెక్కి అస్సాములోని లీడోకు దిగు అరణ్యమార్గము. ఈ దారులన్నిటను గూడి 1942 వత్సరమున 4 లక్షలకు పైగా జనులు భారతదేశమును జేరిరి. దారిలో రాలిపోయినవారు పదులవేలు. ఆనాటి ప్రపంచమున అంతటి కాలినడక వలస అరుదు.

తాముదారిలో పోయినవారిని రెండుపాయలుగా చీల్చిరి. యూరోపియనులకును, ఆంగ్లో-ఇండియనులకును, కొంచెము పలుకుబడిగల మఱికొందరికిని ఒకదారి, సామాన్య భారతీయులకు వేఱొకదారి; మొదటిదానిలో విడుదులును నీరును మెఱుగు. జనులు వానిని తెల్లదారి, నల్లదారి యని పిలిచిరి. ఈ భేదము దేశమున తీవ్రమైన ఆగ్రహమును రేపినది. వైస్రాయి కార్యనిర్వాహకమండలిలో ప్రవాసభారతీయుల శాఖ వహించిన ఎమ్.ఎస్. ఆణే, హృదయనాథ కుంజ్రూ మున్నగువారు స్వయముగా సరిహద్దునకు బోయి చూచి వచ్చిరి. జవహర్‌లాల్ నెహ్రూ బహిరంగముగా ఖండించెను. ఏప్రిలు మాసాంతమున అలహాబాదులో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము ఈ విషయమునే తీర్మానములో కెక్కించినది. 'క్విట్ ఇండియా' అని దేశము గర్జించుటకు ముందునెలలలో, పాలకులపై ప్రజల విశ్వాసము దేనిచేత చచ్చినది అని అడిగినచో, తాము కొండలలోని ఆ రెండుదారులను గూడ సాక్ష్యముగా చూపవలసియుండును.

ప్రభుత్వమునకు ఆ సరిహద్దున రోడ్డు లేదు, శిబిరము లేదు, చాలినన్ని లారీలు లేవు. మనుష్యులను కూడగట్టి పని చేయించు అలవాటు, పనిముట్లు, బియ్యపు నిలువలు, ఏనుగులు గలిగినది అస్సామున ఒక్క తేయాకు పరిశ్రమయే. కావున 1942 తొలినెలలలో ఇండియన్ టీ అసోసియేషనును సహాయము కోరిరి. తోటదొరలు, వారి గుమాస్తాలు, డాక్టరుబాబులు, సర్దారులు, వేలకొలది తోటకూలీలు కదలిరి. ఒక్కొక్క కూలి తన పారను, కంబళిని, కొన్నినాళ్ల గ్రాసమును తనతో తెచ్చుకొనెను. కొందరు దిమాపురమునుండి ఇంఫాలునకు బోవు 134 మైళ్ల కొండదారిని వెడల్పుచేయు పనికి పోయిరి. కొందరు లీడో ఆవలి అడవిలో వెదురు నఱికి, ఆకు కప్పి, బాషాలనబడు పాకలను వేసిరి. ఈ కూలీలు ఎవ్వరు? ఛోటానాగపురమునుండియు, ఒడిశానుండియు, మన గంజాం, విశాఖపట్టణపు మన్యములనుండియు పూర్వతరములలో అస్సామునకు తరలింపబడినవారి బిడ్డలు. ఇంగ్లీషుపుస్తకములు దొరలను స్వచ్ఛందసేవకులనియు, వీరిని కూలీలనియు వ్యవహరించినవి. దొర మాట కాదనలేని కూలివాని రాకను స్వచ్ఛందమందుమా అని ఎవరైన ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని కలరా శవముల ప్రక్కగా నడిచి, అపరిచితుడైన రోగిని బుట్టలోనో దుప్పటిలోనో వేసికొని కనుమ దాటించినవాని చేతిసేవను, అతనికి దినకూలి ముట్టినది గదా యని తక్కువచేసి చూచుటకు నాకు మనసొప్పదు.

ఆ శిబిరములలో జరిగిన పని చూచుటకు అతిసామాన్యము. దారిప్రక్కన కిరసనాయిలు డబ్బాలలో తేనీరు ఎడతెగక మరుగుచుండును. కొండదిగి వచ్చువాడు మొదట కూలబడును. వానికి మాట రాదు. వేడివేడిగా, తియ్యగా ఒక్క లోటా తేనీరు గొంతు దిగినపిదప కన్నులు తెఱచి, వెనుకనున్న తనవారినిగూర్చి చెప్పును. అంతట సేవకులు ఆ వెనుకబడినవారికై దుప్పట్లు, తేనీటి పాత్రలు తీసికొని ఎదురుపోవుదురు. నీటి వసతి, మరుగు గుంటలు, శవదహనము, వంటచెఱకు, గాయములకు కట్టు, టీకాలు, పేర్ల నమోదు, రేపు ఉదయము క్రింది శిబిరమునకు నడువగలవారెవరు, మోయవలసినవారెవరు అను నిర్ణయము - ఇవియే వారి దినచర్య. బియ్యము చేరవేయుటలో ఒక చిక్కుండెను. మోయువాడు తినవలెను గదా, తిరిగివచ్చునపుడును తినవలెను. శిబిరము దూరమైనకొలది, వాని వీపుమీది బస్తాలో వాని పొట్టకే పోవుపాలు పెరుగుచుండును. చాలదినముల నడకదూరమైనచో కాందిశీకునికి మిగులునది స్వల్పమే. మోతకాండ్రను ఎంతమందిని పెంచినను శిబిరములను అడవిలోనికి ఒక హద్దుకు మించి చొప్పింపలేకపోవుటకు హేతువిదియే. ఆ హద్దుకు ఆవల ఏనుగులే పోవలెను; వానకాలమున ఏనుగులును నిలిచిపోయినచోట విమానములే ఆకాశమునుండి బస్తాలు పడవేయవలసి వచ్చెను.

మే 10న ఇంఫాలుపై బాంబులు పడినవి. ఊరు ఊరంతయు ఖాళీయైనది. శిబిరములలోని పనివారును చెదరిపోయిరి. అట్టి దినములలో ఆ మార్గము మూతపడకుండ నిలిపినవారిలో తోటలవారు ముఖ్యులు. సరిహద్దు కొండలలోని నాగాజాతివారు దారిచూపిరి, బరువులు మోసిరి, తమ ధాన్యమునుండి పంచిరి. ఒకప్పుడు వారిని తలలు కోయువారని భయపడి నడిచిన బాటసారులు వారి గుడిసెలలోనే తలదాచుకొనిరి.

మే 8వ తేదీననే ఉత్తరమున మిట్చినా విమానాశ్రయము శత్రువుపాలైనందున, అచ్చట విమానమునకై వేచియున్న వేలాదిమందికి హుకాంగ్ లోయ తప్ప గత్యంతరము లేకపోయెను. అప్పుడే వానలు మొదలైనవి. 100 మైళ్లకు పైబడిన ఆ అడవిదారిలో మోకాళ్లలోతు బురద, జలగలు, పొంగు నదులు, మలేరియా. షింబ్వియాంగ్ అను గ్రామమున వేలమంది ముందుకు నడువలేక, వెనుకకు పోలేక నిలిచిపోయిరి. విమానములు పడవేసిన బియ్యమును ఆకలిగొన్నవారు అత్యాశతో తిని ప్రాణము విడిచిన సందర్భములు కలవు; అందుచే పెట్టుటలోను వైద్యమున్నదని సేవకులు నేర్చుకొనిరి. తల్లి పోయిన బిడ్డను ఏ భాషవాడని అడుగకుండ ఎత్తుకొని నడిచిన ఇతరులెందరో ఆ దారిలో నుండిరి. కాందిశీకుడే కాందిశీకునికి సేవకుడైన ఆ ఘట్టమునకు పుస్తకములలో చోటు మిక్కిలి తక్కువ.

అమెరికను మిషనరీ వైద్యుడు గార్డన్ సీగ్రేవు, ఆయన నామ్‌ఖామ్ ఆసుపత్రిలో శిక్షణ పొందిన కరెను, కచిను, షాను కన్యలైన నర్సులు, వారితో కలిసిన క్వేకరు సంఘపు ఫ్రెండ్స్ అంబులెన్సు యువకులు అమెరికను సేనాని జనరలు స్టిల్‌వెల్ వెంట నడిచి, మే మాసమున ఇంఫాలు చేరిరి. ఈ నడకనుగూర్చి విస్తారముగా గ్రంథములున్నవి గనుక ఇచ్చట పేర్కొని విడిచెదను. అంతకంటె తక్కువగా తెలిసినది దాఫానది కథ.

హుకాంగునకును ఉత్తరముగా చౌకన్ కనుమ యను దారియొకటి కలదు. వానకాలమున దానిని దాటుట అసాధ్యమని స్థానికులే చెప్పుదురు. అయినను మార్గాంతరము లేక బర్మా రైల్వే అధికారి సర్ జాన్ రోలండ్ మున్నగువారును, కొన్ని సిపాయిల గుంపులును ఆ దారిబట్టిరి. జూను మొదట వారి పిలుపు అస్సాము చేరినది. తేయాకు కంపెనీలో ఉద్యోగియైన గైల్స్ మెక్రెల్ అను ఏబదిమూడేండ్ల ఆంగ్లేయుడు, మొదటి ప్రపంచయుద్ధమున విమానము నడిపినవాడు, ఏనుగులను, మావటీలను కూడదీసికొని వెంటనే బయలుదేరెను. అడవిగుండ సుదీర్ఘమైన ప్రయాణముచేసి దాఫానది యొడ్డు చేరునప్పటికి, నది నడుమ లంకలో 68మంది సిపాయిలు చిక్కుబడి యుండిరి. వారికి తిండి లేదు. ప్రవాహము చెట్లను వేళ్లతో పెకలించి తెచ్చుచున్నది. అడుగున బండలు దొర్లు ధ్వని ఒడ్డునకు వినబడుచున్నది. మొదటిదినమున ఎంత యదలించినను ఏనుగులు ఆ వేగమునకు నిలువజాలకపోయినవి. రాత్రియంతయు నీటిమట్టము చూచుచు మేల్కొనియుండి, వేకువఝామున వరద కొంత తీసినంతనే మావటీలు ఏనుగులను నీట దింపిరి. ఏనుగు ప్రవాహమునకు ఎదురొడ్డి, అడుగడుగునకు కాలితో బండను తడవి, నిలద్రొక్కుకొని నడుచును. మెడపై మావటి కాళ్లతో చెవులవెనుక ఒత్తుచు, గొంతుతో బుజ్జగించుచు దానికి ధైర్యము నిచ్చును. ఆ విధముగా పలుమాఱులు లంకకు బోయి వచ్చి, వరద మఱల పొంగకమున్నే అందరను ఈవలి యొడ్డునకు చేర్చిరి.

మెక్రెల్ అంతటితో విరమింపలేదు. జ్వరముతో వెనుకకు వచ్చి, తేరుకొని మఱల వెళ్లెను. ప్రయత్నము మానుమని పైనుండి ఆజ్ఞ వచ్చినను, కనుమలో ఇంకను మనుష్యులున్నారని తెలిసి మానలేదు. వానకాలము ముగియునాటికి రోలండ్ జట్టుతోగూడ సుమారు 200మంది ఆ అడవినుండి బయటపడిరి. ఆయనకు జార్జి పతకము లభించినది. ఆయన స్వయముగా తీసిన చలనచిత్రములు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు దక్షిణాసియా అధ్యయనకేంద్రమున భద్రముగా నున్నవి. ఆ చిత్రములలో నీటిలో దిగిన ఏనుగులను, వానిమీది మావటీలను మన కన్నులతో నేడును చూడవచ్చును. మెక్రెల్ సాహసమును నేను మనసార గౌరవింతును. కాని ఆనాటి నీటి లోతును కాలితో కొలిచినది ఏనుగు, ప్రాణమును మొదట ఒడ్డినది మావటి. ఆ ప్రదేశము నేటి అరుణాచల్ ప్రదేశములో నామ్‌దాఫా జాతీయవనము.

కొండదిగినవారికి లీడోలోను, దిమాపురములోను రైలు దొరకినది. అచ్చటినుండి బ్రహ్మపుత్ర దాటి కలకత్తా. కలకత్తాలో స్టేషనులవద్ద మార్వాడీ రిలీఫ్ సొసైటీ, రామకృష్ణ మిషను వంటి సంస్థలవారు అన్నము, బట్టలు, మందులు సమకూర్చి, ఎవరి ప్రాంతమునకు వారిని పంపుటకు పాటుపడిరి. మనవారు హౌరాలో రైలెక్కి దక్షిణముగా వచ్చునప్పటికి ఇంటివద్ద వారికి ఎదురైనదేమి? ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. భయమున తీరపట్టణములలోని జనులు లోపలి గ్రామములకు వలసపోవుచుండిరి. బాంబులకు వెఱచి రంగూను విడిచి, నెలలు నడిచి వచ్చినవాడు, తన యూరిరేవునుండియు జనులు అట్లే మూటలతో పారిపోవుట చూచినాడు. పంపిన సొమ్ముతో బ్రతికిన ఇండ్లకు ఇప్పుడు సొమ్మునకు బదులు తినవలసిన నోళ్లు వచ్చినవి. బర్మా బియ్యము రాక ఆగిపోయినందున ధరలు ఆకాశమునంటినవి.

యుద్ధానంతరము కొందరు మఱల రంగమునకు వెళ్లిరి. 1960 తరువాతి దశకములో బర్మా సైనికప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేసినపుడు రెండవమాఱు తిరుగువలస కలిగినది. నాడు వచ్చినవారికై ఏర్పడిన పేటలలో ఒకటి విశాఖపట్టణము కంచరపాలెమువైపున నేటికిని బర్మా క్యాంపు అను పేరనే యున్నది. ఆ పేటలో 1942 నాటి నడకను పెద్దలనోట విన్నవారు ఉండక తప్పదు.

తేయాకు సంఘమువారి సేవ యుద్ధము ముగియు నాటికే ఇంగ్లీషున గ్రంథస్థమైనది. దొరల దినచర్యలు విదేశపు గ్రంథాలయములలో పదిలముగా నున్నవి. నడిచిన తెలుగుకూలి వ్రాసినది లేదు, వానికి చదువు రాదు. మోసిన తోటకూలి వ్రాసినది లేదు, వానికిని రాదు. ఒకే మన్యమునుండి యొకడు తూర్పుసముద్రము దాటి రంగమునకును, ఒకడు ఉత్తరముగా అస్సామునకును కూలికై పోయి, పాంగ్సౌ కనుమ బురదలో ఒకని భుజముపై నొకడు చేయివేసి నడిచియుండవచ్చునన్న తలంపు నన్ను ఎన్నటికిని విడువదు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ, గోదావరి జిల్లాలలో రంగము పోయివచ్చిన పెద్దల పిల్లలు, మనుమలు వేలకొలది కలరు. వారు బర్మానుండి ఏ దారిన వచ్చిరి, ఎచ్చట ఎవరు అన్నము పెట్టిరి, ఎవరిని దారిలో పోగొట్టుకొనిరి అని ఇంటిలో మిగిలిన వృద్ధులను అడిగి, వారి మాటలలోనే వ్రాసియుంచుడు. పాత ఓడ టికెట్టు గాని, కాందిశీకుల చీటి గాని, ఫోటో గాని పెట్టె యడుగున నున్నచో పారవేయకుడు. మన విశ్వవిద్యాలయముల చరిత్రశాఖలు ఈ పనిని తమ పనిగా స్వీకరింపవలెను. విన్నవారును పోవుచున్నారు గనుక, ఇది ఈ సంవత్సరమే మొదలుపెట్టదగినది.